ఏటిలో రెండు లంకలు

(మా ఊరి గ్రంథాలయంలో నెలకోసారి జరిగే సంగీత సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? వినిపించనివారు చెయ్యెత్తండి. వినిపించకపోతే ఈ మాట కూడా వినిపించదనుకోండి. (నవ్వులు)

పోయిన నెల ఇదే బల్ల ముందు కూర్చుని ముఖారి రాగం గురించి గంటసేపు మాట్లాడాను. ఈ నెల అమెరికా కంట్రీ పాట, అంటే అక్కడి పల్లెల్లో పుట్టిన పాట గురించి చెబుతానంటే మన కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అన్నారు. బాగానే ఉంది. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు సరళీ స్వరాలు చెప్పిన దానిని, ఈ పాట నన్ను ఎలా పట్టుకుందో చెబుతాను. తప్పో ఒప్పో మీరే తేల్చండి.

మా అబ్బాయి టెనెసీ రాష్ట్రంలో, చాటనూగా అనే ఊళ్లో ఉంటాడు. మేము మొదటిసారి వెళ్లినప్పుడు విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకెళుతూ కారులో రేడియో పెట్టాడు. ఒక మగగొంతు, ఒక ఆడగొంతు. పల్లవి దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ కలిశారు. నేను వెంటనే, "ఒరేయ్, ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు పాడుతున్నారు" అన్నాను. వాడు నవ్వి, "తప్పు కాదమ్మా, అదే హార్మనీ" అన్నాడు. మా వారు వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఇప్పుడు ఇక్కడ ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి అబద్ధం చెప్పడానికి లేదు.

తప్పు అని ఎందుకనిపించిందో ఇక్కడ కూర్చున్నవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. మనం ఇద్దరం కలిసి పాడితే ఇద్దరం ఒకే స్వరం మీద ఉంటాం. నేను 'స' అంటే మీరూ 'స' అనాలి, మహా అయితే పై స్థాయి షడ్జమం అందుకోవాలి. లేదంటే నేనొక ముక్క, మీరొక ముక్క వంతులవారీగా పాడుకుంటాం. మన సినిమా యుగళగీతాలు చాలావరకు అంతే. ఆయన ఒక పాదం, ఆవిడ ఒక పాదం. వీళ్లు అలా కాదు. ఒకరు 'స' దగ్గర నిలబడితే రెండోవారు సరిగ్గా అదే క్షణంలో 'గ' దగ్గర నిలబడతారు. మాట ఒకటే, అక్షరం ఒకటే, నోరు తెరవడం మూయడం ఒకేసారి. స్వరాలు మాత్రం వేరు. ఒకరి వెనక ఒకరు నడవరు, పక్కపక్కన నడుస్తారు. ఇది చర్చి పాటల్లోంచి, ఆపలాచియన్ కొండల్లో ఇళ్ల వసారాల్లో కూర్చుని పాడుకున్న కుటుంబాల్లోంచి వచ్చిన పద్ధతి. చెవికి అలవాటు పడటానికి నాకు పది రోజులు పట్టింది. పదకొండో రోజున నేనే అడిగి పెట్టించుకున్నాను.

ఆ పాట పేరు 'ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్'. పాడినవాళ్లు కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్, ఇద్దరూ పేరున్న కంట్రీ గాయకులు. 1983 ఆగస్టులో విడుదలైంది. అక్టోబరు 29 నాటికి, అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో వారంవారం చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి రెండు వారాలు అక్కడే కూర్చుంది. కంట్రీ పట్టికలోనూ మొదటి స్థానమే. అక్కడి పెళ్లిళ్లలో, షష్టిపూర్తి లాంటి వేడుకల్లో ఇప్పటికీ పాడుతూనే ఉంటారు. అర్థం మామూలే: మనిద్దరం ప్రవాహంలో రెండు ద్వీపాలం, మన మధ్య ఎవరూ లేరు, ఒకరి మీద ఒకరం ఆనుకుని ఉంటాం, నాతో వచ్చెయ్, వేరే లోకానికి పోదాం.

మా అబ్బాయి దీన్ని 'ప్రవాహంలో ద్వీపాలు' అని చెప్పాడు. నేను కాదన్నాను. నేను పుట్టింది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఒక లంకలో. నదిలో ఉండే ద్వీపానికి మనకు వేరే మాట ఉంది కదా, లంక అని! అక్కడ పుట్టినదానికి 'ద్వీపం' అంటే ఏదో భూగోళం పుస్తకంలోని బొమ్మ. 'ఏటిలో రెండు లంకలు' అనగానే నాకు మా రేవు, పడవ, అవతలి లంకలో అత్తవారింటికి వెళ్లిన మా పెద్దక్క, అన్నీ కనిపించాయి. ఒక ఏడు మా గట్టు కోసుకుపోయేది, ఆ మట్టే మరో ఏడు ఎదుటి లంకకు మేట వేసేది. మా నాన్న గట్టు మీద నిలబడి, "మన పొలం అక్కగారింటికి వెళ్లింది" అనేవారు. ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో మాకు తెలిసేది కాదు.

అందుకే ఈ పాటలో నాకొక పేచీ ఉంది. మన మధ్య ఎవరూ లేరంటారు. ఎవరూ లేకపోవచ్చు కానీ ఏరుంది! లంకలు రెండంటేనే మధ్యలో నీళ్లున్నాయని. నీళ్లు లేకపోతే అది ఒకే లంక, అప్పుడు పాటే అక్కర్లేదు. రాసినవాళ్లు ఇంత దూరం ఆలోచించి ఉండరు లెండి. ఆ పేరు అమెరికా రచయిత హెమింగ్వే నవల నుంచి తీసుకున్నారు. ఆ నవల ఆయన పోయాక, 1970లో అచ్చయింది. ఆ పుస్తకంలో ప్రవాహమంటే ఏరు కూడా కాదు, గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం. అయినా నాకు వినపడింది గోదావరే.

ఇంతకీ రాసినవాళ్లు కంట్రీ వాళ్లే కాదు. బీ జీస్ అనే పేరు మీలో కొందరైనా విని ఉంటారు. డిస్కో పాటలతో లోకాన్ని ఊపేసిన ముగ్గురు అన్నదమ్ములు, బ్యారీ, రాబిన్, మారిస్ గిబ్. ముగ్గురూ పుట్టింది ఐల్ ఆఫ్ మ్యాన్ అనే ద్వీపంలో, అంటే వాళ్లూ ఒకరకంగా లంకవాళ్లే. (నవ్వులు) రోజర్స్ కొత్త ఆల్బమ్‌కు నిర్మాత బ్యారీ గిబ్. ఈ పాటను మొదట రోజర్స్ ఒక్కడే పాడాలి. నాలుగు రోజులు పాడాడట. ఎంత పాడినా పాట లేవడం లేదు. చివరకు విసుగొచ్చి, ఈ పాటంటే నాకిక ఇష్టమే పోయిందన్నాడు. అప్పుడు బ్యారీ, దీనికి డాలీ పార్టన్ కావాలన్నాడు. రోజర్స్ మేనేజరు, ఆమెను ఇప్పుడే కింద చూశానన్నాడు. పిలుచుకొచ్చారు. ఆమె గదిలోకి నడిచి రాలేదు, కవాతు చేస్తూ వచ్చింది, ఆ తర్వాత ఆ పాట మునుపటి పాట కాదు అని రోజర్స్ చాలా చోట్ల చెప్పుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ పాట ఎందుకు లేవలేదు? రోజర్స్ గొంతులో లోపమేమీ లేదు. గరుకుగా, నిప్పు మీద కాచిన పాలలా వెచ్చగా ఉంటుంది. లోపం పాటలోనే ఉంది. మనం ఒకరి మీద ఒకరం ఆనుకుని ఉంటాం అని ఒక్కడే నిలబడి పాడితే ఆనుకోవడానికి గోడ కూడా లేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. అసలు నేనీ ప్రసంగం పెట్టుకున్నదే ఈ ఒక్క ముక్క కోసం.

ఆడగొంతుకు, మగగొంతుకు శ్రుతి కుదరదు. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పట్టుకునే షడ్జమం, అంకె పెరిగేకొద్దీ అది పైకి పోతుంది. ఇది కచేరీలు చేసేవారందరికీ తెలిసిన తలనొప్పి. మగవారు ఒకటి శ్రుతిలోనో ఒకటిన్నరలోనో పాడతారు. ఆడవారికి ఐదు, ఐదున్నర కావాలి. ఇద్దరూ ఒక వేదిక మీద పాడాలంటే ఎవరో ఒకరు ఇబ్బంది పడాల్సిందే. మగవారి శ్రుతిలో పాడితే ఆవిడ గొంతు పాతాళంలో గొణుగుతుంది, ఆడవారి శ్రుతిలో పాడితే ఆయన మెడనరాలు ఉబ్బుతాయి. మన సినిమా పాటల్లో ఈ కష్టం ఎక్కువగా గాయనులే పడ్డారని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే చివర మాట్లాడుకుందాం.

ఈ పాట దగ్గర హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాను. మొదటి చరణం రోజర్స్ మొదలుపెడతాడు. ఒకటి శ్రుతి. కచ్చితంగా ఒకటి. ఆయన గొంతుకు హాయిగా ఉండే చోటు. పల్లవికి డాలీ వచ్చి కలుస్తుంది. ఆ శ్రుతి ఆమెది కాదు, అయినా పైన ఒక స్వరం వెతుక్కుని ఆయన పక్కన సర్దుకుంటుంది. పల్లవి అయిపోతుంది. అప్పుడు వాద్యాల కింద నేల కదులుతుంది. వినేవాడికి ఏదో జరిగిందని తెలుస్తుంది కానీ ఏమిటో తెలియదు. నేను మెట్లు వెతికి చూస్తే శ్రుతి ఐదున్నరకు వెళ్లిపోయింది! రెండో చరణం డాలీ అందుకుంటుంది. ఇప్పుడిది ఆమె ఇల్లు. ఇక్కడి నుంచి చివరిదాకా ఐదున్నరే. మళ్లీ పల్లవి వస్తుంది, అదే మాట, అదే బాణీ, కానీ ఇప్పుడు సర్దుకునే వంతు ఆయనది.

నేను మెట్ల మీద నుంచి వేళ్లు తీసి కాసేపు అలాగే కూర్చున్నాను. పాటలో ప్రేమ గురించి చెప్పిన మాటలన్నీ తీసి అవతల పెట్టండి. అవి పది పాటల్లో ఉండే మాటలే. సగం దూరం నీ శ్రుతిలో నేను పాడతాను, మిగతా సగం నా శ్రుతిలో నువ్వు పాడు. ఈ ఒప్పందం ఉంది చూశారా, అది మాటల్లో ఎక్కడా లేదు, వాద్యాల అమరికలో ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల సంసారం చేసినదాన్ని, నాకు ఆ ఒప్పందం అర్థమైంది. మా వారికి శ్రుతి ఏదైనా ఒకటే. (నవ్వులు) ఆయన ఏ పాటైనా తన సొంత శ్రుతిలోనే పాడతారు, అది హార్మోనియంలో ఎక్కడా దొరకదు.

ఇక ఈ పాట విన్నవాళ్లందరూ అడిగే ప్రశ్న ఉంది. నేనూ అడిగాను. "వీళ్లిద్దరూ భార్యాభర్తలా?" కాదు. ప్రేమికులా? అదీ కాదు. రోజర్స్ జీవితంలో ఐదు పెళ్లిళ్లు చేసుకున్నాడు, వాటిలో ఒక్కటి కూడా డాలీతో కాదు. డాలీ జీవితంలో ఒక్కటే పెళ్లి, ఆ భర్త ముఖం కూడా చాలామంది చూడలేదు.

ఆ పెళ్లి జరిగిన ఊరికి మేము వెళ్లాం. చాటనూగా నుంచి కారులో అరగంట కూడా పట్టదు. రాష్ట్ర సరిహద్దు దాటగానే జార్జియాలో రింగ్‌గోల్డ్ అనే చిన్న ఊరు. పేరు వినగానే ఉంగరం, బంగారం అనిపిస్తుంది కదా? దానికీ దీనికీ సంబంధం లేదు. 1846లో మెక్సికో యుద్ధంలో పోయిన శామ్యూల్ రింగ్‌గోల్డ్ అనే సైనికాధికారి పేరు పెట్టుకున్నారు. అయితే ఊరు మాత్రం పేరు నిలబెట్టుకుంది. ఎదురుచూపులు లేకుండా త్వరగా పెళ్లి చేసుకోవచ్చని పక్క రాష్ట్రాల నుంచి జంటలు అక్కడికి వచ్చేవి. పాత రైల్వే స్టేషను ఒకటుంది, మందపాటి రాతి గోడలు. అంతర్యుద్ధంలో దెబ్బతిన్నచోట వేరే రాయితో అతుకు వేశారు. ఆ అతుకు ఇప్పటికీ రంగు తేడాతో కనిపిస్తూనే ఉంటుంది. మా వారు దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు. పెళ్లి సంగతి ఆయనకు పట్టలేదు, సున్నం ఎలా కలిపారా అని చూస్తున్నారు.

1966 మే 30న ఆ ఊళ్లో డాలీ పార్టన్ పెళ్లి జరిగింది. ఆమె టెనెసీ కొండల్లో పన్నెండు మంది పిల్లల ఇంట్లో నాలుగో బిడ్డ. ఆమె పుట్టినప్పుడు పురుడు పోసిన డాక్టరుకు ఫీజు కింద ఒక గోనెసంచి మొక్కజొన్న పిండి ఇచ్చారు. 1964లో పాటలు పాడాలని, కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌కు బస్సెక్కి వచ్చింది. వచ్చినరోజే, మాసిన బట్టలు ఉతుక్కోవడానికి లాండ్రీకి వెళితే అక్కడ కార్ల్ డీన్ కనిపించాడు. రెండేళ్లకు పెళ్లనుకున్నారు. పాటల కంపెనీవాళ్లు, ఇప్పుడే పెళ్లంటే నీ భవిష్యత్తు పాడవుతుంది, ఏడాది ఆగమన్నారు. నాష్‌విల్‌లో చేసుకుంటే పేపర్లో పడుతుంది కాబట్టి రింగ్‌గోల్డ్ వెళ్లారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, డాలీ తల్లి, పాస్టరు, పాస్టరుగారి భార్య, అంతే జనం. డీన్ రోడ్లకు తారు వేసే వ్యాపారం చేసుకునేవాడు. భార్య కచేరీలకు, అవార్డు సభలకు దాదాపు రాలేదు. కెమెరాలకు దూరంగా ఉన్నాడు.

మూడేళ్లు తిరక్కుండానే, 1969 ఫిబ్రవరి 16న అదే ఊళ్లో ఇంకో పెళ్లి. ఇది మాత్రం కంట్రీ లోకమంతా పండగ చేసుకున్న పెళ్లి. పెళ్లికొడుకు జార్జ్ జోన్స్. టెక్సస్‌లో తాగుబోతు తండ్రి ఇంట్లో పుట్టి, చిన్నప్పుడే బోమాంట్ వీధుల్లో గిటారు పట్టుకుని పాడినవాడు. కంట్రీ సంగీతంలో ఆయన గొంతును మించింది లేదనేవాళ్లు ఇప్పటికీ ఎక్కువమంది, వాళ్లతో నాకు పేచీ లేదు. పెళ్లికూతురు టామీ వైనెట్. మిసిసిపీలో తాతగారి పొలంలో పత్తి ఏరిన పిల్ల. నెలల పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. జుట్టు కత్తిరించే పని నేర్చుకుని, ముగ్గురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని 1966లో నాష్‌విల్ చేరింది. ఎంత పేరొచ్చినా ఆ బ్యూటీషియన్ లైసెన్సును ఏటేటా పునరుద్ధరించుకుంటూనే ఉండేదట. పాట ఎప్పుడైనా పోతుందేమో, కత్తెర మాత్రం పోదని. నాకు ఆమె మీద గౌరవం కలిగింది పాట విని కాదు, ఈ సంగతి తెలిసి.

వాళ్ల బస్సు మీద 'మిస్టర్ అండ్ మిసెస్ కంట్రీ మ్యూజిక్' అని రాసుకున్నారు. బస్సు మీద అలా రాసుకుంటే ఇంట్లో గొడవపడటానికి కూడా చోటుండదు. జోన్స్ తాగుడు మామూలు తాగుడు కాదు. టామీకి ముందున్న భార్య ఒకసారి కారు తాళాలన్నీ దాచేస్తే, పెరట్లో గడ్డి కోసే యంత్రమెక్కి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న మద్యం దుకాణానికి వెళ్లాడు. ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. (నవ్వులు) నవ్వు వస్తుంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు వచ్చి ఉండదు.

1973లో టామీ విడాకులకు అర్జీ పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఇద్దరూ కలిసి ఒక పాట పాడారు, 'వీ ఆర్ గొన్నా హోల్డ్ ఆన్'. ఒకరినొకరం వదలం, పట్టుకునే ఉంటాం అని. జోన్స్, ఎర్ల్ మాంట్‌గోమరీ కలిసి రాశారు. ఆ జంట కలిసి పాడిన పాటల్లో మొదటిసారి కంట్రీ పట్టికలో మొదటి స్థానం దానికే వచ్చింది. జనం ఎందుకు కొన్నారో తెలుసు కదా. పాటలో జంట రాజీపడింది, ఇంట్లో జంట కూడా రాజీపడిందని పేపర్లో చదివారు. 1975లో విడాకులు వచ్చేశాయి.

ఆ మరుసటి సంవత్సరమే, 1976లో, విడిపోయిన ఆ ఇద్దరూ మళ్లీ కలిసి 'గోల్డెన్ రింగ్' పాడారు. అది కూడా మొదటి స్థానమే. రింగ్‌గోల్డ్‌లో పెళ్లి, గోల్డెన్ రింగ్ పాట, ఎవరో కావాలని కుదిర్చినట్టుంది. కానీ ఆ పాట పుట్టుక వేరు. ఒక తుపాకీ చేతులు మారుతూ పోయే కథతో వచ్చిన టీవీ నాటకం చూసి, తుపాకీ బదులు ఉంగరమైతే ఎలా ఉంటుందని బాబీ బ్రాడక్‌కు తోచింది. రేఫ్ వాన్ హాయ్‌తో కలిసి రాశాడు. షికాగోలో తాకట్టు దుకాణం. ఒక కుర్రజంట ఉంగరం కొంటుంది. ఇంతకంటే మంచిది కొనలేనని కుర్రాడు నొచ్చుకుంటాడు. చిన్న చర్చిలో పెళ్లి. తర్వాత రెండు గదుల ఇంట్లో పోట్లాట, ఆమె ఉంగరం విసిరికొట్టి వెళ్లిపోతుంది. చివరకు ఆ ఉంగరం మళ్లీ తాకట్టు దుకాణం అద్దాల వెనక. ఇంకో కుర్రజంట వస్తుంది.

ఈ పాట వినేటప్పుడు జోన్స్ గొంతును గమనించండి. ఒక మాటను ఎక్కడ వంచుతాడో, ఏ అక్షరం మీద పళ్లు బిగపడతాడో ముందుగా చెప్పలేం. మన భాషలో చెప్పాలంటే ప్రతిసారీ వేరే గమకం. అలాంటి మనిషి పక్కన హార్మనీ పాడటం గట్టులేని ఏటి పక్కన నడవడమే. టామీ నడుస్తుంది. ఆయన ఎక్కడ వంగితే ఆమె అక్కడ వంగుతుంది, ఎక్కడ తెంచితే అక్కడ తెంచుతుంది. కోర్టు విడగొట్టిన మనుషులు ఒకే అచ్చును ఒకే క్షణంలో మూస్తున్నారు. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేర్చుకున్నది ఏమైనా ఉంటే, అది ఇది. కాపురం పోయింది, చెవి పోలేదు. 1995లో కూడా ఇద్దరూ కలిసి ఒక ఆల్బమ్ చేశారు. 1998లో టామీ పోయింది, యాభై అయిదేళ్లకే.

(సభలో ఒకరు: "అయితే ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదా?")

చేసుకున్నాడండి. ఇందాక చెప్పిన పాట వచ్చిన 1983లోనే, మార్చిలో. నాన్సీ అనే ఆమెను. ఆమె గాయని కాదు. తాగుడు నుంచి ఆయన్ని గట్టెక్కించింది ఆమే అంటారు. 2013లో ఆయన పోయేదాకా ముప్ఫై ఏళ్లు ఆ కాపురం నిలిచింది. అంటే వదలం, పట్టుకునే ఉంటాం అన్నమాట చివరకు నిజమే అయింది. పాట ఎవరితో పాడాడో వాళ్లతో కాలేదు, అంతే.

హార్లన్ హోవర్డ్ అనే పాటల రచయిత ఉండేవాడు. కంట్రీ సంగీతమంటే మూడు కార్డ్‌లు, అంటే కలిపి మోగించే మూడు స్వరగుచ్ఛాలు, ఒక నిజం అన్నాడు. ఆ నిజం దగ్గరే చిక్కంతా. అక్కడి శ్రోత పాడేవాడి జీవితాన్ని పాటలో వెతుక్కుంటాడు. మనకా అలవాటు లేదు. మన పాటలో గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. ఏ.ఎం. రాజా, జిక్కి నిజంగానే భార్యాభర్తలు. ఇద్దరూ కలిసి పాడిన ప్రేమగీతాలు ఎన్ని విన్నాం! వింటున్నప్పుడు వాళ్ల కాపురం ఎలా ఉందో ఎవరైనా ఆలోచించారా? తెర మీద హీరో, హీరోయిన్ కనిపిస్తుంటే ఆ ప్రేమంతా వాళ్ల లెక్కలో రాసేసుకున్నాం. దానివల్ల గాయకులకు కొంత అన్యాయం జరిగిందనుకోండి, కానీ ఒక రక్షణ కూడా దొరికింది. మనవాళ్లెవరూ తమ కాపురం నిలిచిందని పాట పాడి రుజువు చేసుకోవలసిన అవసరం రాలేదు.

డాలీ పార్టన్ ఆ రక్షణను తనకు తానే కల్పించుకుందని నాకనిపిస్తుంది. కాపురాన్ని ఇంట్లో పెట్టి తలుపేసింది. పాటను బయట, ఒక స్నేహితుడితో పాడింది. అందుకే ఆ పాటలో ఎక్కడా భయం లేదు. జోన్స్, టామీల పాట వింటుంటే తర్వాత ఏమైందో తెలిసినవాళ్లకు గుండె దడదడలాడుతుంది. రోజర్స్, డాలీల పాట ఎన్నిసార్లు విన్నా సెలవురోజు పొద్దున్నలా ఉంటుంది. ఏది గొప్పదని అడిగితే, అర్ధరాత్రి నేను పెట్టుకునేది జోన్స్, టామీనే. పిల్లలకు వినిపించేది మాత్రం రెండోది.

(సభలో మరొకరు: "బీ జీస్ రాసి, లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేస్తే అది కంట్రీ పాట ఎలా అవుతుంది?")

మంచి ప్రశ్న. అక్కడి ఛాందసులు కూడా ఇదే అడుగుతారు. ఫిడేలు లేదు, స్టీల్ గిటారు ఏడుపు లేదు, ఇది పాప్ పాట అంటారు. నాకు తెలిసినంతలో, దాన్ని కంట్రీ చేసింది డాలీ ఉచ్చారణ. ఆ కొండ యాస. ఆమె నోట్లో ప్రతి అచ్చూ కొంచెం సాగి, చివర కొంచెం పైకి లేస్తుంది. మన త్యాగరాజ కృతిని కూడా తమిళ సోదరులు పాడితే ఒక రకంగా ఉంటుంది, మన కోనసీమవాళ్లు పాడితే ఇంకో రకంగా ఉంటుంది కదా. కృతి అదే, ఊరు వేరు. ఇంతకంటే శాస్త్రీయమైన జవాబు నా దగ్గర లేదు.

2017 అక్టోబరు 25న నాష్‌విల్‌లో రోజర్స్‌కు వీడ్కోలు సభ జరిగింది. ఆయనకు డెబ్బై తొమ్మిది, ఆమెకు డెబ్బై ఒకటి. ఇద్దరూ కలిసి పాడటం అదే ఆఖరు. వీడియో ఉంది, మా అబ్బాయి పంపాడు. ఆయన ఎక్కువసేపు నిలబడలేక కూర్చున్నాడు. గొంతులో ఆ వెచ్చదనం ఉంది, బలం లేదు. డాలీ చేసిన పని చూడండి. తన గొంతును పూర్తిగా ఎత్తలేదు. ఎత్తితే ఆయన వినపడడు. ఆయన ఎంతవరకు వెళ్లగలడో చూసుకుని, అక్కడే ఆగుతూ పాడింది. 2020 మార్చిలో ఆయన పోయాడు.

2025 మార్చి 3న కార్ల్ డీన్ పోయాడు. లాండ్రీ ముందు కలిసిన మనిషి. దాదాపు యాభై తొమ్మిదేళ్ల కాపురం. నాలుగు రోజుల తర్వాత డాలీ ఆయన కోసం ఒక పాట విడుదల చేసింది. అందులో రెండో గొంతు లేదు. ఆమె ఒక్కతే పాడింది.

సమయం అయిపోవచ్చిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పాట వేస్తాను. నాలుగు నిమిషాలు. దయచేసి ఫోన్లు ఆపండి. మొదటి చరణం ఆయనది, ఒకటి శ్రుతి. పల్లవి అయ్యాక వాద్యాలు ఒక మెలిక తిరుగుతాయి, చెవి అక్కడ పెట్టండి. హార్మోనియం ఇక్కడే ఉంచాను, నమ్మకం లేనివాళ్లు వచ్చి ఐదున్నర మెట్టు నొక్కి చూసుకోవచ్చు.

ఏమండీ, మీరు మాత్రం కలిసి పాడకండి. (నవ్వులు)

(పాట వినిపించారు.)